పంచాయతీ కార్యదర్శికి ఎదిగే దారులు: టెస్టులు, గ్రూప్స్, దూరవిద్య, శిక్షణల్లో ఏది ముందు?

2019 ఏప్రిల్‌లో నాతోపాటు తెలంగాణలో జూనియర్ పంచాయతీ కార్యదర్శులుగా చేరినవాళ్లం ఎప్పుడు కలిసినా మాట ఒకచోటికే వస్తుంది: ఇక్కడి నుంచి ఎటు? ఒకరు గ్రూప్-1 చదువుతున్నామంటారు. ఒకరు దూరవిద్యలో ఎంఏ ఫీజు కట్టామంటారు. ఇంకొకరు రాజేంద్రనగర్ శిక్షణకు పేరు పంపమని మండల ఆఫీసు చుట్టూ తిరుగుతుంటారు. మిగతావాళ్లకు పొద్దున పారిశుద్ధ్యం ఫొటోలు, మధ్యాహ్నం మీటింగులు, సాయంత్రం ఆన్‌లైన్ ఎంట్రీలతోనే రోజు గడిచిపోతుంది. ఏదో ఒకటి చెయ్యాలన్న టెన్షన్ మాత్రం అందరికీ ఉంది. కొత్తగా చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్ చేసి అడిగేదీ ఇదే. టెస్టులు, గ్రూప్స్, దూరవిద్య, శిక్షణ అనే నాలుగింటిలో మూడు దారులు నేను స్వయంగా నడిచాను, నాలుగోదాన్ని దగ్గరి స్నేహితుల ఇళ్లలో చూశాను. నాకు తెలిసింది దాచకుండా రాస్తున్నాను.

ముందు మనం నిలబడిన క్యూ ఎంత పొడవుందో చూడండి. 2018లో మన నోటిఫికేషన్ 9,355 పోస్టులకు వచ్చింది. నెలకు 15,000 జీతంతో చేరాం. 2021లో అది 28,719 అయింది. మూడేళ్లనుకున్న ప్రొబేషన్ నాలుగేళ్లయింది. 2023లో పనితీరు మార్కులు వేసి గ్రేడ్-4 కార్యదర్శులుగా రెగ్యులర్ చేశారు. అంటే మన బ్యాచ్‌లో వేలమంది ఒకే ఏడాది, ఒకే మెట్టు మీద నిలబడి ఉన్నాం. పైన గ్రేడ్-3, గ్రేడ్-2, గ్రేడ్-1 ఉన్నాయి. ఆ తర్వాత మండలానికి ఒక మండల పంచాయతీ అధికారి (ఎంపీఓ). రాష్ట్రంలో గ్రామీణ మండలాలు ఐదువందల చిల్లర. ఆ పోస్టుల్లోనూ కొన్ని గ్రూప్-2 ద్వారా నేరుగా భర్తీ అవుతాయి. మిగిలినవి సీనియారిటీలో రావాలి. కింద వేలల్లో ఉన్నవాళ్లకు పైన వందల్లోనే కుర్చీలు. ఆ పైన డివిజన్, జిల్లా పంచాయతీ అధికారుల (డీఎల్‌పీఓ, డీపీఓ) పోస్టులు ఇంకా తక్కువ.

ఇది చెప్పి ఎవరినీ నిరుత్సాహపరచాలని కాదు. "సర్వీసు పెరిగితే ప్రమోషన్ అదే వస్తుంది" అని మా ముందు తరం అనుకున్నట్టు మనం అనుకుంటే కుదరదని చెప్పడానికి ఈ లెక్క వేశాను. వాళ్ల బ్యాచ్‌లు చిన్నవి, మనది పెద్దది.

అందుకే నా సలహా మొదట డిపార్ట్‌మెంటల్ టెస్టుల దగ్గరే మొదలవుతుంది. వీటి గురించి ఎవరూ గొప్పగా మాట్లాడరు. పాసైతే ఫ్లెక్సీలు కట్టరు. కానీ పైమెట్టుకు ప్రమోషన్ జాబితా (ప్యానెల్) వేసే రోజున సర్వీసు రిజిస్టర్‌లో టెస్టు పాసైన ఎంట్రీ లేకపోతే పేరు పక్కన పెట్టేస్తారు, వెనకవాళ్లు ముందుకు వెళ్లిపోతారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్షలు పెడుతుంది. మీ కేడర్‌కు ఏ పేపర్లు కావాలో ఎవరినో అడిగి నమ్మొద్దు. సర్వీసు రూల్స్ జీవో కాపీ ఒకటి సంపాదించి మీ చేతుల్లో పెట్టుకోండి. మా మండలంలో ఒకతను పక్క డిపార్ట్‌మెంట్ ఫ్రెండ్ మాట విని, తనకు అక్కర్లేని పేపరు రెండు సెషన్లు రాశాడు. పాసయ్యాడు, కానీ అవసరమైన పేపరు అలాగే మిగిలిపోయింది.

టెస్టుల వల్ల ఇంకో లాభం ఉంది. నాకైతే అదే పెద్దది. అకౌంట్స్ పేపరుకు చదివేటప్పుడే నేను చేసే పని వెనక ఉన్న లెక్క మొదటిసారి అర్థమైంది. అప్పటిదాకా క్యాష్‌బుక్ అంటే నెలాఖరున పంచాయతీ సహాయకుడైన కారోబార్‌తో కూర్చొని ఒక్క రాత్రిలో నింపే పుస్తకం. రెండు నెలల చదువు, ఖర్చు పరీక్ష ఫీజంత. ఇంత తక్కువకు ఇంత మేలు చేసే దారి మన ఉద్యోగంలో ఇంకొకటి లేదు. దీన్ని మిగతావాటితో పోల్చి తేల్చుకోవాల్సిన పనే లేదు, ప్రొబేషన్‌లో ఉండగానే పూర్తి చేసేయాలి.

గ్రూప్స్: అసలు తేల్చుకోవాల్సింది ఇక్కడే

గ్రూప్స్ ఆకర్షణ ఎందుకో నాకు బాగా తెలుసు. 2024 గ్రూప్-1 నోటిఫికేషన్‌లో 563 పోస్టులుంటే 140 మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీఓ) పోస్టులే. అంటే మనం ఎవరికి రిపోర్టులు పంపుతున్నామో, నేరుగా ఆ కుర్చీలోకే వెళ్లే దారి. 2022 గ్రూప్-2లో 783 పోస్టుల్లో ఎంపీఓలు 126. సీనియారిటీలో ఎప్పుడొస్తుందో తెలియనిది ఒక్క పరీక్షతో వచ్చేస్తుంది. సిలబస్ కూడా మనకు పరాయిది కాదు. రాజ్యాంగ 73వ సవరణ, 29 అంశాల పదకొండో షెడ్యూలు, గ్రామసభ అధికారాలు బయటివాళ్లు బట్టీ పట్టాలి, మనం రోజూ చేస్తున్నాం. ఇంటర్వ్యూ కూడా లేదు. సర్వీసులో ఉన్నవాళ్లకు వయసులో గరిష్ఠంగా 5 ఏళ్ల సడలింపు ఉంటుంది.

మరి ఖర్చేంటి? కాలం. గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టన్నారు, నవంబరన్నారు, తర్వాత 2024 జనవరి, ఆ తర్వాత ఆగస్టు. చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. గ్రూప్-1 సంగతి ఇంకా బాధాకరం. 2022 నోటిఫికేషన్ మీద ప్రిలిమ్స్ రెండుసార్లు రాసినా రెండుసార్లూ రద్దయి, నోటిఫికేషనే వెనక్కి పోయింది. ఆ రెండేళ్లు పుస్తకం ముందు కూర్చున్నవాళ్లకే తెలుసు, తేదీ మారిన ప్రతిసారీ మనిషి లోపల ఏం విరిగిపోతుందో.

నేనూ ఆ రెండేళ్లు చదివాను. తెల్లవారి నాలుగింటికి లేచి ఆరున్నరదాకా చదువు, ఏడింటికి ఊళ్లో చెత్త ట్రాక్టరు దగ్గర. మొదటి ఎనిమిది నెలలు బాగానే సాగింది. మార్చి వచ్చేసరికి ఇంటిపన్ను వసూలు వెనకబడింది. డిమాండ్ రిజిస్టర్ తెరిచి ఇల్లిల్లూ తిరగాల్సిన వారాల్లో నేను మాక్ టెస్టులు రాస్తున్నాను. మెమో వచ్చింది. సమాధానం రాసుకుంటూ కూర్చున్న ఆ సాయంత్రం తెలిసింది, రెంటికీ న్యాయం చెయ్యలేకపోతున్నానని. పోస్టు రాలేదు. ఆ చదువు వృథా అని మాత్రం అనను. తెలంగాణ ఆర్థిక వ్యవస్థ పేపరు చదివాక మా ఊరి పత్తి రైతుతో మాట్లాడే తీరే మారింది.

కాబట్టి గ్రూప్స్ వైపు వెళ్లాలా వద్దా అనేదానికి నేను మూడు విషయాలు చూడమంటాను. మొదటిది మీ పంచాయతీ. ఏడెనిమిది వందల జనాభా, మండల కేంద్రానికి దగ్గర, గొడవల్లేని ఊరైతే రోజుకు మూడు గంటలు దొరుకుతాయి. ఐదువేల జనాభా ఊళ్లో, రెండు తండాలు కలిసి ఉంటే, ఆ మూడు గంటలు నిద్రలోంచే తియ్యాలి. రెండోది ఇల్లు. చిన్నపిల్లల తల్లులు ఈ ఉద్యోగంతోపాటు గ్రూప్స్ చదవడం నేను చూశాను. గెలిచినవాళ్లూ ఉన్నారు. వాళ్లందరి ఇళ్లలో అమ్మో, అత్తమ్మో, భర్తో సాయంత్రం పూట పూర్తిగా బాధ్యత తీసుకున్నారు. ఆ మాట ముందే ఇంట్లో కూర్చొని మాట్లాడుకోవాలి. మూడోది గడువు. రెండు నోటిఫికేషన్లు, లేదా మూడేళ్లు అని ముందే తేదీ వేసుకోండి. ఆ తేదీ దాటాక పుస్తకాలు తమ్ముడికి ఇచ్చెయ్యండి. గడువు పెట్టుకోనివాళ్లే ఎక్కువ నష్టపోయారు. పదోన్నతికి కావాల్సిన టెస్టులు కూడా వదిలేసి ఎనిమిదేళ్లుగా "ఈసారి కొడతా" అంటున్న స్నేహితులు నాకున్నారు. వాళ్ల కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఉద్యోగంలో ఉంటూ రాసేవాళ్లు పై అధికారికి తెలియజేసి, అవసరమైన నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) ముందే తీసుకోవడం మరిచిపోవద్దు. సర్టిఫికెట్ల పరిశీలన రోజు పరుగులు పెట్టొద్దు.

దూరవిద్య డిగ్రీలు

ఇక్కడ త్వరగా చెప్పేస్తాను. మన ఉద్యోగానికే డిగ్రీ అర్హత. కాబట్టి ఎంఏ చేస్తే ప్రమోషన్ వస్తుందన్న ఆశతో ఫీజు కట్టొద్దు. మీ సర్వీసు రూల్స్‌లో అలా ఉందేమో చూసుకోండి, మామూలుగా ఉండదు. నేర్చుకోవాలన్న కోరికుంటే మాత్రం మంచి దారులున్నాయి. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎంఏ ఉంది. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే, 1982లో పుట్టింది. ఇగ్నోలో గ్రామీణాభివృద్ధిలో పీజీ డిప్లొమా, ఎంఏ రెండూ ఉన్నాయి. నన్నడిగితే మన పనికి ఇగ్నో గ్రామీణాభివృద్ధి కోర్సే దగ్గర, ఎందుకంటే దాంట్లో ప్రాజెక్టు రాయాలి. నా స్నేహితురాలు తన సొంత పంచాయతీ తాగునీటి మీదే ప్రాజెక్టు చేసింది. ఏ బజారుకు ఏ టైముకు నీళ్లొస్తున్నాయో నెలంతా నోట్‌బుక్‌లో రాసింది. ఆ నోట్‌బుక్ చూపించే చివరి బజారు పైపులైను మార్పించింది. డిగ్రీ కన్నా ఆమెకు మిగిలింది ఆ నోట్‌బుక్. గ్రూప్స్‌కు చదువుతూ పక్కన ఎంఏ కూడా పెట్టుకోవడం మాత్రం వద్దే వద్దు.

శిక్షణలు, ఊళ్లు చూసి రావడం

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో రెండు సంస్థలున్నాయి. ఒకటి రాష్ట్ర గ్రామీణాభివృద్ధి సంస్థ, రెండోది కేంద్రానికి చెందిన జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ, ఎన్ఐఆర్‌డీపీఆర్. వరంగల్ వైపువాళ్లకు హసన్‌పర్తి ఎక్స్‌టెన్షన్ ట్రైనింగ్ సెంటర్ ఉంది. జూబ్లీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ. కేంద్రం రాష్ట్రీయ గ్రామ స్వరాజ్ అభియాన్ కింద పంచాయతీ శిక్షణలకు డబ్బిస్తూ వచ్చింది. ఐదు రోజుల శిక్షణకు వెళ్తే ఎదుగుతామా అని అడిగితే, దానంతట అదే జరగదు అంటాను. మొదటిసారి వెళ్లినప్పుడు నేను తెచ్చుకున్నది బ్యాగు, ఫైలు, గ్రూప్ ఫొటో.

రెండోసారి ఒక ప్రశ్నతో వెళ్లాను. మా ఊళ్లో తడి చెత్త డంపింగ్ యార్డులో కుళ్లిపోతోంది, ఎరువు కావడం లేదు, ఎందుకు? ఎన్ఐఆర్‌డీపీఆర్‌లో రూరల్ టెక్నాలజీ పార్కు ఉంటుంది, మట్టి ఇటుకల ఇళ్ల నుంచి వర్మీకంపోస్టు దాకా కళ్లతో చూడొచ్చు. అక్కడ కంపోస్టు గుంత దగ్గర పనిచేసే అతని పక్కన గంటసేపు నిలబడ్డాను. అతను చెయ్యి లోపల పెట్టి ఒక పిడికెడు తీసి పిండాడు. వేళ్ల మధ్య నీళ్లు కారలేదు, ముద్ద విడిపోనూలేదు. "ఇంత తడి చాలు సార్, మీరు ఎక్కువ పోస్తున్నారు" అన్నాడు. మా యార్డులో వర్కర్లు రోజూ బకెట్లతో పోస్తున్నారు. వచ్చి అది ఆపించాం. రెండు నెలలకు మొదటి ఎరువు నర్సరీకి వెళ్లింది.

ఎక్స్‌పోజర్ విజిట్లు కూడా అంతే. వరంగల్ జిల్లా గంగదేవిపల్లికి వెళ్లినవాళ్లు చాలామంది శుభ్రమైన వీధులు ఫొటోలు తీసుకుంటారు. అక్కడ చూడాల్సింది కమిటీల రికార్డులు. నీళ్లకొకటి, పారిశుద్ధ్యానికొకటి అని పనికో కమిటీ వేసుకొని జనమే ఎలా నడిపారో ఆ రిజిస్టర్లలో ఉంది. మహారాష్ట్ర హివరే బజార్‌లో ఏటా నీటి బడ్జెట్ వేసుకుంటారు. అవకాశం వస్తే ఆ లెక్క ఎలా వేస్తారో అడిగి రాసుకొని రండి.

ప్రభుత్వ ఉద్యోగుల శిక్షణకు కేంద్రం పెట్టిన ఐగాట్ కర్మయోగి యాప్‌లో కోర్సులు ఉచితం. ఫోన్‌లో చేసుకోవచ్చు, కంప్యూటర్ పనులకు, ఆఫీసు రాతకోతలకు పనికొస్తాయి. టార్గెట్ కోసం వీడియో నడుస్తుండగా పక్కన పని చేసుకుంటే మాత్రం సర్టిఫికెట్ తప్ప ఏమీ మిగలదు.

ఆంధ్రప్రదేశ్ సచివాలయాల్లో పనిచేసేవాళ్లకు ఒక మాట. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు లక్షమందికి పైగా ఒకేసారి వచ్చారు. మన క్యూ కన్నా మీ క్యూ ఇంకా పెద్దది. ఇంజినీరింగ్ అసిస్టెంట్, వెల్ఫేర్ అసిస్టెంట్, గ్రేడ్-5 కార్యదర్శి, డిజిటల్ అసిస్టెంట్‌గా చేరినవాళ్లలో ఎవరికివారికి లైన్లు వేరు. టెస్టులు, రూల్స్ కాపీ మాట మీకూ వర్తిస్తుంది. శిక్షణకు బాపట్ల మానవ వనరుల అభివృద్ధి సంస్థ, సామర్లకోట, శ్రీకాళహస్తి శిక్షణ కేంద్రాలు మీకు దగ్గర.

ఎవరూ లెక్కలో వేసుకోని ఐదో దారి

పై నాలుగింటిలోనూ లేనిది ఒకటుంది, పని బాగా తెలిసిన సీనియర్ దగ్గర కూర్చోవడం. దీనికి నోటిఫికేషన్ రాదు, సర్టిఫికెట్ ఇవ్వరు. నన్ను కార్యదర్శిని చేసింది మాత్రం ఇదే.

చేరిన మూడో ఏడాది గ్రామసభలో ఒక పెద్దాయన లేచాడు. "ఏం బిడ్డా, పైసలొచ్చినయంటివి. మా బజార్ల సీసీ రోడ్డు ఎందుకెయ్యవు?" అప్పటికి పదిహేనో ఆర్థిక సంఘం నిధులు ఖాతాలో ఉన్నాయి. అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలి, మిగతా 40 శాతమే వేరే పనులకు. ఆ 40 శాతం అప్పటికే ఖర్చయింది. నాకు తెలుసు, కానీ చెప్పలేకపోయాను. "గైడ్‌లైన్స్ ఒప్పుకోవు" అన్నాను. ఆయన "పైసలున్నయంటవ్, రోడ్డెయ్యనంటవ్, మరి తిన్నదెవ్వరు?" అన్నాడు. సభ అక్కడే గందరగోళమైంది.

పక్క మండలంలో రిటైర్మెంటుకు దగ్గరున్న ఒక గ్రేడ్-1 కార్యదర్శి సార్ ఉండేవారు. ఆయన దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన నా తప్పు ఎత్తి చూపలేదు. నా క్యాష్‌బుక్ అడిగారు. నాలుగు పేజీలు తిప్పి, "రోజుకు రోజు రాయట్లేదు కదా" అన్నారు. తర్వాత ఒక చార్టు తెప్పించి, మధ్యలో గీత గీసి, ఎడమవైపు నీళ్లు, మోరీలు, చెత్తబండి బొమ్మలు, కుడివైపు రోడ్డు, లైటు బొమ్మలు వేయించారు. ఏ పక్కకు ఎంత వచ్చింది, ఎంత అయింది, ఎంత మిగిలింది పెద్ద అంకెలతో కింద రాయించారు. "గైడ్‌లైన్స్ అనే మాట నోట్లోంచి రావొద్దు. ఇది గోడకు పెట్టు, నెలనెలా అంకె మార్చు" అన్నారు. నాలుగు శనివారాలు ఆయన దగ్గర కూర్చున్నాను. పనుల కొలతల పుస్తకం (ఎంబీ) ఎలా చదవాలి, తీర్మానంలో ఏ మాట రాస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది, సర్పంచ్, ఉప సర్పంచ్ మధ్య మాటల్లేనప్పుడు చెక్కు ఫైలు ఎవరి దగ్గరికి ముందు తీసుకెళ్లాలి, ఇవి ఏ కోర్సులోనూ లేవు.

మీ మండలంలోనూ అలాంటి ఒకరుంటారు. ఆయనో, ఆమెనో ఎవరో మీకిప్పటికే తెలుసు. శనివారం అడగండి.

మన రాష్ట్రంలో గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి. 2024 ఫిబ్రవరి తర్వాత దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలన నడిచి, 2025 డిసెంబరు ఎన్నికలతో మళ్లీ సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చారు. చాలామంది కొత్తవాళ్లు. ఈ ఏడాది కార్యదర్శికి నేర్చుకోవడానికీ, నేర్పడానికీ ఇంతకన్నా మంచి సమయం దొరకదు. అందుకే ఈ ఏడాది వరకు నా వరుస ఇది: టెస్టు మిగిలుంటే మొదట అది, దాంతోపాటు ఒక సీనియర్, తర్వాత ఒక ప్రశ్నతో ఒక శిక్షణ. గ్రూప్స్ రాయాలనుకునేవాళ్లు గడువు తేదీ ఇవాళే డైరీలో రాసుకోండి. డిగ్రీ చివరన.

ఆ చార్టు గోడకెక్కిన నాలుగు నెలలకు జరిగిన గ్రామసభలో ఒక కుర్రాడు లేచి, పైసలుండి రోడ్డెందుకు వెయ్యరని అదే ప్రశ్న అడిగాడు. నేను నోరు తెరిచేలోపే వెనక వరస నుంచి ఆ పెద్దాయన గొంతు వినిపించింది. "అది మోరీల పక్క పైసల్ రా. రోడ్డు పక్క చూడు, పదకొండు వేలే ఉన్నయ్. వచ్చే కిస్తు రానీ, అప్పుడడుగుదాం."